బాక్సుల ముఖం

కోపం చల్లారాక చెప్పాలంటారు పెద్దలు. నాది చల్లారలేదు, ఇక చల్లారేలా కూడా లేదు. అందుకని వేడిమీదే చెప్పేస్తున్నాను.

ఆ మార్చి నెలలో మంచు ఇంకా రోడ్ల పక్కన మసిపట్టి కుప్పలుగా పడి ఉంది. నేను మా ఇంటి కింది గదిలోకి దిగి, పాత దుప్పట్లు లాగేసి, నాన్నని కేకేశాను. ఆ దుప్పట్ల కింద ఉన్నవి ఎనిమిది స్పీకర్ బాక్సులు. ఒక్కొక్కటి బీరువా అంత. జమైకా నుంచి అమెరికా వచ్చిన కొత్తలో మా నాన్న లిన్వల్, ఆయన జతగాడు బేరింగ్టన్ కలిసి ప్లైవుడ్ కోసి, మేకులు కొట్టి చేసుకున్నవి. వాటి పేరు హరికేన్. మా మిల్ స్ట్రీట్‌లో ఒకప్పుడు పెళ్ళయినా చావయినా హరికేన్ మోగాల్సిందేనట. నేను పుట్టాక నాన్న కొండమీది కాలేజీలో గార్డు ఉద్యోగానికి కుదిరాడు. అప్పుడు కప్పిన దుప్పట్లు అవి.

"ఏంటే ఆ దుమ్ము?" అంటూ దిగొచ్చాడు నాన్న, యూనిఫాం చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"ఇవి నాక్కావాలి నాన్నా. మా పండక్కి. ఈసారి పచ్చికమీద చేస్తున్నాం, ఆరుబయట."

"కాలేజీలో స్పీకర్లు లేవా?"

"ఉన్నాయి. గాడిద ఓండ్రపెట్టినట్టు ఉంటాయి."

నాన్న నవ్వాడు. బాక్సు పక్కన గొంతుక్కూర్చుని, చెక్కమీద అరచెయ్యి ఆనించాడు. పడుకున్న గొడ్డుని నిమిరినట్టు నిమిరాడు.

"ఇస్తా. కానీ హరికేన్‌కి ఓ కట్టుబాటుంది, అది నీకు తెలీదు. బాక్సులెవరివో వాళ్ళదే మాట. ఎక్కడ పెట్టాలి, ఎంత మోగాలి, ముఖం ఎటుండాలి, అన్నీ వాళ్ళే చెప్తారు. పెళ్ళికొడుకు తండ్రొచ్చి బతిమాలినా మేం వినేవాళ్ళం కాదు. మీ కాలేజీవాళ్ళకిది నచ్చుద్దా?"

"నచ్చకపోతే నీళ్ళు తాగమను."

"ఆ నోరే, ఆ నోరే!" పైనుంచి నాయనమ్మ ఐసిల్డా అరిచింది. "ఆ నోటికి కాస్త గొళ్ళెం పెట్టవే షెవాన్, చదువయ్యేదాకా!"

చదువయ్యేదాకా. ఆ మాట మా ఇంట్లో ఉప్పులాంటిది. అది పడకుండా పూట గడిచేది కాదు. ఎందుకంటే ఆ కాలేజీలో ఏడాది ఫీజు పెడితే మా వీధిలో ఇల్లు కొనొచ్చు. నేను పైసా కట్టకుండా చదువుకుంటున్నాను. గార్డులు, వంటవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, ఎవరైనా అక్కడ పనిచేస్తే వాళ్ళ పిల్లలకి ఫీజు మాఫీ. నాన్న గేటు దగ్గర నిలబడి ఉన్నన్నాళ్ళూ నేను తరగతిలో కూర్చోవచ్చు. ఇంకొక్క ఏడాది మిగిలి ఉంది.

పండగంటే చర్చి పండగ కాదు, హిప్‌హాప్ పండగ. అది పెట్టింది నేనూ, విల్ఫ్రెడో. వాడు మా వీధి చివర ఉండే ప్యూర్టోరికో పిల్లాడు. తలమీద బొంగరంలా తిరగ్గలడు, లెక్కల్లో స్కాలర్‌షిప్ తెచ్చుకోగలడు. ఎందుకు పెట్టామో కూడా చెబుతాను, చెప్పకపోతే నా నోరు ఊరుకోదు. ముందటేడు శీతాకాలంలో మగపిల్లల హాస్టల్లో 'వీధి పార్టీ' అని చేసుకున్నారు. అందరూ తెల్లపిల్లలే. మెడలో ప్లాస్టిక్ గొలుసులు, పళ్ళకి వెండికాగితం, నడుం కిందికి జారిన ప్యాంట్లు. ఒకడు మొహానికి నల్లరంగు పులుముకొచ్చాడు. ఒకత్తె కడుపుకి దిండు కట్టుకొచ్చి, "నేను మిల్ స్ట్రీట్ పిల్లని, తండ్రెవరో తెలీదు" అందట. ఫొటోలు కాలేజీ అంతా తిరిగాయి. పెద్దలు చింతించారు. ఒక సదస్సు పెట్టి బిస్కెట్లు పంచారు. అంతే.

"మన వీధిని వేషం కట్టారు కదా వీళ్ళు. అసలుదేంటో తీసుకొచ్చి చూపిద్దాం" అన్నాడు విల్ఫ్రెడో.

మొదటి ఏడు భోజనాల హాల్లో బల్లలు గోడకి నెట్టి చేశాం. వీధి వీధంతా వచ్చింది. వంటమనుషులు ఆప్రాన్లతోనే బయటికొచ్చి ఆడేవాళ్ళ చుట్టూ వలయంలో నిలబడ్డారు. మా ఆటకి వలయమే గుడి, వలయమే కోర్టు. అందులోకి ఎవరైనా అడుగుపెట్టొచ్చు. పెట్టినవాణ్ణి ఎవరూ చెయ్యిపట్టి లాగకూడదు. వాడికంటే బాగా ఆడి పంపించాలి తప్ప. ఆ రోజు తెల్లపిల్లలు కొందరు సిగ్గుపడుతూ వచ్చి నించున్నారు. ఇద్దరు ముగ్గురు ఆడారు కూడా, ఘోరంగా. మావాళ్ళు చప్పట్లు కొట్టారు. అది మా పండగ.

*

ఏప్రిల్ మొదట్లో డీన్ మేడం పిలిచింది. హోల్‌కోంబ్ అని పేరు. మనిషి మెత్తన, గొంతు మెత్తన, కార్పెట్ మెత్తన. ఆ గదిలో కూర్చుంటే కోపం తెచ్చుకోవడం కూడా మర్యాద తక్కువేమో అనిపిస్తుంది. అందుకే అంత మెత్తగా అమర్చుకుంటారని నా అనుమానం.

"మీ పండగంటే మా అందరికీ ఎంతో గర్వం షెవాన్. ఈ ఏడు మన కాలేజీ ప్రెసిడెంటుగారు కూడా వస్తానన్నారు. ఒక్క చిన్న మార్పు. ఐడీ కార్డు ఉన్నవాళ్ళకే ప్రవేశం."

"అంటే?"

"విద్యార్థులు, అధ్యాపకులు. భద్రత కోసమమ్మా. కిందటేడు పండగ తర్వాత హాస్టల్లో ఒక కంప్యూటర్ పోయింది."

"పండగయిన రెండు వారాలకి పోయింది మేడం. పక్కగది అబ్బాయి దొరికాడు కూడా. తెల్లబ్బాయి."

ఆవిడ ఆ మాట వినిపించనట్టే నవ్వింది. ఒళ్ళు మండడమంటే ఏమిటో ఆ క్షణంలో తెలిసింది నాకు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇది ఆ వీధివాళ్ళతో కలిసి చెయ్యడానికే పెట్టిన పండగ. వాళ్ళు లేకపోతే పండగెక్కడిది?"

"నువ్వున్నావుగా, విల్ఫ్రెడో ఉన్నాడుగా. మీరు మాలో మనుషులు." ఆవిడ ముందుకి వంగింది. "గేటు దగ్గర మీ నాన్నగారినే వేయిస్తున్నాను. తెలిసిన మొహమైతే వాళ్ళకీ ఇబ్బందిగా ఉండదు. లిన్వల్ ఎంత నమ్మకస్తుడో! ఆయన సర్వీసుకి మేమిచ్చే గుర్తింపే కదా నీ చదువు. అది సాఫీగా పూర్తవ్వాలనే నా కోరిక."

బెదిరించింది. కాఫీ కావాలా అని అడిగినంత సుతారంగా బెదిరించింది. నేను లేచి వచ్చేశాను. తలుపు గట్టిగా వేద్దామనుకున్నాను గానీ, అది మెల్లగా తనంతట తనే మూసుకునే రకం తలుపు. దానిమీద కూడా కోపమొచ్చింది.

విల్ఫ్రెడో చర్చి కింద గదిలో ఆడపిల్లలకి ఆట నేర్పుతున్నాడు. మిల్ స్ట్రీట్ బడి పిల్లలు, పదీ పన్నెండేళ్ళ వాళ్ళు. పండగలో మొదటి ఆట వాళ్ళదే. ఎర్ర జాకెట్లు కుట్టించుకుని, వీపుమీద తమ జట్టు పేరు అతికించుకుంటున్నారు.

"మానేద్దాంరా. పండగే వద్దు" అన్నాను.

"మానేస్తే వాళ్ళకి పండగ. మనమే వద్దనుకున్నామని రాసుకుంటారు." వాడు పిల్లలవైపు చూశాడు. "అయినా గేటు దగ్గర మీ నాన్న కదా. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఆయన కాస్త అటు తిరిగి నిలబడితే చాలు."

నేనూ అదే నమ్మాను.

*

ఈస్టర్ ఆదివారం. బల్లమీద బన్ను, చీజు, కొబ్బరిపాలు పోసి వండిన అన్నం, మేకమాంసం కూర. బేరింగ్టన్ బాబాయ్ వచ్చాడు, ఎప్పట్లాగే గొంతు ముందొచ్చింది, మనిషి తర్వాత వచ్చాడు. హరికేన్ మళ్ళీ మోగబోతోందని ఆయన కొత్త టోపీ కూడా కొనుక్కున్నాడు.

నేను నాన్న కూర్చునేదాకా ఆగి అడిగాను. "ఆ రోజు గేటు దగ్గర నువ్వేనట కదా?"

"అవును."

"అయితే మనవాళ్ళు రావచ్చు."

నాన్న బన్ను కోస్తూ కోస్తూ ఆగాడు. "కార్డు లేకుండా రాకూడదన్నారు."

"నువ్వు చూడనట్టుంటే సరి."

"నేను చూడ్డానికే నాకు జీతమిస్తారే."

బేరింగ్టన్ బాబాయ్ పకపకా నవ్వాడు. "అయితే నన్నూ ఆపుతావా ఏంట్రా?" అన్నాడు. నాన్న నవ్వలేదు. ఆయన నవ్వకపోవడం చూసి బాబాయ్ నవ్వు మెల్లగా ఆగింది.

"నాన్నా, అది మన వీధి. ఆ గేటవతల ఉన్నది నువ్వు పుట్టించిన పాట. ఇరవయ్యేళ్ళ పిల్లలు టీవీలో చూసి నేర్చుకున్నది నువ్వు చెక్కలు కోసి నిలబెట్టావు. నువ్వే కాపలా కాస్తావా దాన్ని, మనవాళ్ళు రాకుండా?"

"ఒక్క ఏడాది. ఒక్క ఏడాది నోరు మూసుకో. ఆ డిగ్రీ కాగితం చేతికి రానీ. తర్వాత ఆ గేటుకే నిప్పు పెట్టుకో, నేనడగను."

"వాళ్ళ గేటు దగ్గర వాళ్ళ కుక్క కూడా ఇంత నమ్మకంగా ఉండదు" అన్నాను.

 నాయనమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నాన్న బన్ను కొయ్యడం పూర్తిచేశాడు, సమంగా, అందరికీ. నా ముక్క నా కంచంలో పెట్టాడు.

"బాక్సులిస్తానన్నాను, ఇస్తాను" అని లేచి వెళ్ళిపోయాడు.

"ఆ గేటు దగ్గర చలిలో నిలబడి నీ కాళ్ళకింద చదువు పరిచాడే వాడు. తిండి దగ్గర ఆ మాటంటావా?" అని నాయనమ్మ నామీద పడింది. పడనీ. నాకు డీన్ మీద కంటే నాన్న మీదే ఎక్కువ మండింది. పరాయివాడు తొక్కితే కాలు నొప్పెడుతుంది, సొంతవాడు తొక్కితే కడుపు మండుతుంది. ఆ తర్వాత పండగ రోజుదాకా మేమిద్దరం ఒకే ఇంట్లో తిరుగుతూ ఒక్క మాటయినా అనుకోలేదు. ఉప్పు కావాలన్నా నాయనమ్మనే అడిగేవాళ్ళం.

*

పండగ రోజు పొద్దున ఎండ కాసింది. బేరింగ్టన్ బాబాయ్ తన బేకరీ ట్రక్కులో బాక్సులు తెచ్చాడు. పనిమీద వచ్చాడు కాబట్టి లోపలికి రానిచ్చారు. విల్ఫ్రెడో, ఇంకో నలుగురు పిల్లలు పట్టుకుంటే ఎనిమిదీ దించి, పచ్చికమీద ఒకదానిమీద ఒకటి పేర్చాం. డీన్ మనిషి ఒకడు వచ్చి చెప్పిన ప్రకారం ముఖాలు లైబ్రరీవైపు పెట్టాం. ప్రెసిడెంటుగారి కుర్చీ అటుందట. వెనకాల ఇనుప కంచె, కంచె అవతల మిల్ స్ట్రీట్. బాబాయ్ తీగలన్నీ కలిపి, ఒక్క పాట చిన్నగా మోగించి చూసుకున్నాడు. పచ్చికమీద నీటిబొట్లు వణికాయి. "బతికే ఉందిరా ముసల్ది!" అని బాక్సుని ముద్దుపెట్టుకున్నాడు. అప్పుడు డీన్ మనిషి ఆయనతో, "థాంక్యూ సార్, ఇక మీ ట్రక్కు తీసెయ్యాలి, మీరు కూడా" అన్నాడు.

మధ్యాహ్నానికి లోపల మూడొందలమంది పిల్లలున్నారు. ప్రెసిడెంటుగారు టై కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. నేను రికార్డుల బల్ల దగ్గర ఉన్నాను. అక్కణ్ణుంచి గేటు బాగా కనిపిస్తుంది, గాలి ఇటు వీస్తే మాటలూ వినిపిస్తాయి. నాన్న టోపీ సరిగ్గా పెట్టుకుని నిలబడి ఉన్నాడు, పక్కన ఒక కుర్ర గార్డు. వాళ్ళ వెనక డీన్ మేడం, చేతులు కట్టుకుని, నవ్వుతూ.

వీధి వచ్చింది. మంగలి షాపు వాళ్ళు, చర్చి వాళ్ళు, పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకున్న తండ్రులు. అందరికంటే ముందు ఎర్రజాకెట్ల పిల్లలు. నాన్నని చూసి చేతులూపారు. వాళ్ళందరికీ తెలిసిన మనిషి కదా.

"కార్డులున్నాయా అమ్మా?" అన్నాడు నాన్న.

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఒక పిల్ల జాకెట్ వెనక్కి తిరిగి చూపించింది, జట్టు పేరు. నాన్న తల అడ్డంగా ఊపాడు. నేను రికార్డు మార్చడం మర్చిపోయాను. సూది చివరి గీతలో తిరుగుతూ గరగరమంటోంది.

బేరింగ్టన్ బాబాయ్ కొత్త టోపీతో వచ్చాడు. "తియ్యరా గేటు, చాల్లే వేషాలు."

"కార్డుందా?"

"లిన్వల్, ఆ చెక్కలు మనిద్దరం కోశాం. నీ బొటనవేలు తెగితే కట్టు కట్టింది నేను."

"తెలుసు. కార్డుందా?"

బాబాయ్ ఆయన మొహంలోకి చూసి, ఉమ్మెయ్యబోయి, ఎందుకో మింగేశాడు. పక్కకి జరిగాడు.

ఆ వెనకే నాయనమ్మ. ఒక చేతిలో మడతకుర్చీ, ఒక చేతిలో తిండి డబ్బా, తలమీద ఆదివారం టోపీ. మోకాళ్ళ నొప్పులతో మిల్ స్ట్రీట్ ఎత్తు ఎక్కి వచ్చింది. నాన్నకి ఎదురుగా వచ్చి నిలబడింది. నాన్న టోపీ సర్దుకున్నాడు. వెనక డీన్ మేడం చిన్నగా దగ్గింది.

"అడగరా" అంది నాయనమ్మ. "అందర్నీ అడిగావుగా, నన్నూ అడుగు. నీ ఉద్యోగం కదా."

"కార్డుందా అమ్మా?"

నాయనమ్మ కుర్చీ, డబ్బా కింద పెట్టి, భుజాన ఉన్న సంచి తెరిచింది. బస్సు పాసు తీసి చూపించింది. క్లినిక్ కార్డు తీసి చూపించింది. అమెరికా పౌరురాలైనప్పుడు ఇచ్చిన కాగితం జిరాక్సు, నాలుగు మడతలు విప్పి చూపించింది. ఎగతాళి చెయ్యడం లేదు. నిజంగానే ఏదో ఒకటి పనికొస్తుందేమోనని ఒక్కొక్కటీ తీస్తోంది.

"ఇవేవీ పనికిరావా?"

"పనికిరావమ్మా."

"సర్లే." ఆవిడ కాగితాలన్నీ జాగ్రత్తగా మళ్ళీ సంచిలో పెట్టుకుంది. కంచె పక్కన పేవ్‌మెంటుమీద కుర్చీ విప్పుకుని, చువ్వల్లోంచి లోపలికి చూస్తూ కూర్చుంది. ఎర్రజాకెట్ల పిల్లలు ఆవిడ చుట్టూ చేరారు. ఆవిడ డబ్బా తెరిచి వాళ్ళకి ప్యాటీలు పంచడం మొదలుపెట్టింది.

నాన్న చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గేటు మూశాడు. నడుముకున్న వాకీటాకీ తీసి కుర్ర గార్డుకిచ్చాడు. తాళంచెవులు ఇచ్చాడు. పచ్చికకి అడ్డంగా నడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు. ఆయన నడక ఎప్పట్లాగే ఉంది, గస్తీ నడక.

"ఆపు" అన్నాడు.

వారాల తరబడి మాట్లాడని మనిషి నాతో అన్న మొదటి మాట. నేను రికార్డుమీద చెయ్యి వేశాను. మూడొందలమందీ ఇటు తిరిగారు.

"బాక్సులెవరివి?"

"నీవి నాన్నా."

"ముఖం ఎటుండాలో చెప్పేదెవరు?"

 వేలు పెట్టి ఆయన్ని చూపించాను. ఆయన యూనిఫాం టోపీ తీసి నా బల్లమీద, రికార్డుల పక్కన పెట్టాడు.

"పట్టండ్రా" అన్నాడు విల్ఫ్రెడోవాళ్ళతో. "పైనవి ముందు. తీగలు జాగ్రత్త."

ఒక్కొక్కటే దించి, తిప్పి, మళ్ళీ పేర్చారు. తొందరపడలేదు ఎవరూ. నాన్న తనే ఒక మూల పట్టుకున్నాడు. ప్రెసిడెంటుగారు పక్కనున్నవాళ్ళని ఇది కార్యక్రమంలో భాగమేనా అని అడుగుతున్నారు. సగం తిరిగేసరికి డీన్ మేడం పచ్చికలో చెప్పుల మడమలు దిగబడుతుంటే పడుతూ లేస్తూ వచ్చింది.

"లిన్వల్! ఏం చేస్తున్నారు మీరు?"

"నా పనే మేడం. గేటు మూసే ఉంది. కార్డు లేనివాళ్ళు ఒక్కరు కూడా లోపలికి రాలేదు, మా అమ్మతో సహా. చూసుకోండి."

"ఈ స్పీకర్లు..."

"ఇవి నావి. పాటకి కార్డు అడగమని మీరు నాకు చెప్పలేదు."

ఆఖరి బాక్సు తిరిగింది. ఎనిమిది ముఖాలూ కంచెవైపు, మిల్ స్ట్రీట్ వైపు. నాన్న నా బల్ల దగ్గరికొచ్చి, ధ్వని మీటను ఎక్కడిదాకా తిప్పాలో తనే తిప్పాడు. "ఇప్పుడెయ్" అన్నాడు.

వేశాను. నా కడుపులో ఉన్న కోపమంతా ఆ సూది కింద పెట్టి వేశాను. ఎదురుగా మంగలి షాపు అద్దాలు గలగలమన్నాయి. ఇళ్ళ కిటికీలు తెరుచుకున్నాయి. రోడ్డుమీద కార్లు ఆగిపోయాయి. బేరింగ్టన్ బాబాయ్ టోపీ గాల్లోకి ఎగరేసి, ట్రక్కులోంచి అట్టపెట్టెలు లాక్కొచ్చి పేవ్‌మెంటుమీద పరిచాడు. ఎర్రజాకెట్ల పిల్లలు వాటిమీదికి దూకారు. నాయనమ్మ కుర్చీలోంచి లేవకుండానే ఖాళీ డబ్బామీద తాళం వేస్తోంది.

లోపలున్నవాళ్ళకి పాట వినబడుతోంది గానీ, గోడవతల పెళ్ళిలా వినబడుతోంది. కాసేపు అటూ ఇటూ చూశారు. ఎవరో ఒకమ్మాయి గేటు దగ్గరికెళ్ళింది. బయటికి పోవడానికి కార్డు అక్కర్లేదు కదా. కుర్ర గార్డు తాళం తీశాడు. ఆ వెనక పదిమంది, ఆ వెనక యాభైమంది. సాయంత్రం ఎండ వాలేసరికి వీధిమీద వలయం రోడ్డుకి ఈ చివరనుంచి ఆ చివరదాకా పెరిగింది. పచ్చికమీద ప్రెసిడెంటుగారి ఖాళీ కుర్చీ, డీన్ మేడం, మా నాన్న, నేను మిగిలాం.

ఆవిడ నావైపు చూసింది. "నువ్వేం పోగొట్టుకున్నావో నీకు తెలుసా?" అంది. ఇప్పుడా గొంతులో మెత్తదనం లేదు. నేను ఇంకో రికార్డు తీసి వేశాను.

*

వాళ్ళు నాన్నని పాట గురించి ఒక్క మాటనలేదు. విధుల్లో ఉండగా చోటు విడిచి వెళ్ళాడన్నారు. మే నెల దాటకుండా ఉద్యోగం పోయింది, దాంతోపాటే నా మాఫీ. మిగిలిన ఒక్క ఏడాది ఆ కొండమీదే ఉండిపోయింది. నేను బస్సు డిపోలో పనికి చేరి, ఊళ్ళోని సర్కారు కాలేజీలో సాయంత్రం తరగతులకి పోయి, మూడేళ్ళకి ఆ కాగితం తెచ్చుకున్నాను. నాయనమ్మ దాన్ని చూసే పోయింది, అదొక్కటి నయం. నాన్న బేరింగ్టన్ బాబాయ్‌తో కలిసి బేకరీ ట్రక్కు నడుపుతున్నాడు. బాక్సులమీద మళ్ళీ దుప్పట్లు కప్పలేదు. ఎండాకాలం వస్తే ఆదివారం ఆదివారం అవి ఎక్కడో ఒకచోట మోగుతూనే ఉంటాయి.

"పోనీలే, అంతా మంచికే జరిగింది" అంటారు కొందరు. అలా అన్నవాళ్ళకి చెంపమీద ఒకటి ఇవ్వాలనిపిస్తుంది. ఏం మంచి? మా నాన్న చేత కన్నతల్లిని కార్డు అడిగించారు. ఏ మంచితో కడుగుతారు దాన్ని? ఈస్టర్ నాడు నేనన్న మాట గురించి నాన్నా నేనూ మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అది కూడా వాళ్ళ లెక్కలోనే రాస్తాను నేను.

పండగ ఆగలేదు. ఇప్పుడది కాలేజీవాళ్ళ పండగ. ఏటా చేస్తారు, ఎక్కడెక్కడి పేరున్నవాళ్ళనో పిలుస్తారు, గేటు దగ్గర కార్డు అడుగుతారు. మొన్న కాలేజీవాళ్ళ రంగుల పుస్తకమొకటి డిపోకి వచ్చింది, కొత్త పిల్లల్ని చేర్చుకోవడానికి అచ్చువేసేది. నడిమి రెండు పేజీల నిండా ఒకే ఫొటో, ఆ రోజు తీసింది. పచ్చిక, నీలాకాశం, నడిమధ్య కొండలా మా హరికేన్. కింద పెద్ద అక్షరాలు: 'మా విద్యార్థులు స్థాపించిన పండగ.' ఏ విద్యార్థులో పేర్లు లేవు.

సాయంత్రం దాన్ని తీసుకెళ్ళి వంటింటి బల్లమీద నాన్న ముందు పడేశాను. "చూడు, దొంగసచ్చినోళ్ళు. మనల్ని తరిమేసి మన బాక్సుల్ని పెళ్ళికూతురిలా అలంకరించి పెట్టుకున్నారు."

నాన్న కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. పుస్తకం దగ్గరికి లాక్కుని, వేలితో ఫొటోని మెల్లగా నిమిరాడు. ముడి ప్లైవుడ్, వరసగా మేకులు, వేలాడుతున్న తీగలు. స్పీకరన్నది ఒక్కటి కనబడదు.

"ఇది వీపు కదే" అన్నాడు.

"వీపే. వాళ్ళకది కూడా తెలీలేదు."

నాన్న భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. నవ్వుతున్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ చూసి, మళ్ళీ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"పాపం, వాళ్ళ తప్పేముందే?" అన్నాడు నాన్న. "ముఖం వాళ్ళకి మనమెంతసేపు చూపించాం గనక?"